ఎవరూ చావరు

ఆదివారం మధ్యాహ్నం సినిమా హాలు తలుపులు తీయగానే ఎమ్మెట్ ప్రూట్‌ని జనం అడిగే ప్రశ్న ఒకటే. హీరోలు అందంగా ఉన్నారా అని కాదు, కథ బాగుందా అని కూడా కాదు. "ఎవరైనా చస్తారా?" అని అడుగుతారు. చావరంటే పాప్‌కార్న్ కొనుక్కుని లోపలికి వెళతారు. చస్తారంటే కాసేపు తటపటాయించి, కొందరు కారు తాళాలు తడుముకుంటూ వెనక్కి తిరుగుతారు.

ఇదేం ప్రశ్న అని కొత్తవాళ్ళు నవ్వుతారు. ప్రేమకథ, అందులోనూ హాస్యం, పోస్టరు మీద ఇద్దరు కుర్రాళ్ళు ఒకే ఐస్‌క్రీం తింటూ పళ్ళికిలిస్తున్నారు, అందులో చావేమిటి? అలా నవ్వేవాళ్ళంతా నలభై లోపువాళ్ళే. ఫ్లోరిడాలోని ఈ విల్టన్ మానర్స్ ఊళ్ళో ఆదివారం ఆటకి వచ్చేవాళ్ళలో ముప్పాతికమంది అరవై దాటిన మగవాళ్ళు. వాళ్ళు వయసులో ఉన్నప్పుడు, మగవాణ్ణి ప్రేమించే తమలాంటి మగవాళ్ళ సినిమా ఏడాదికొకటి వస్తే గొప్ప. వచ్చినదాంట్లో ఇద్దరిలో ఒకడు ఆఖరి రీలులో పోవలసిందే. జబ్బు చేసో, కారు గుద్దో, మేడ మీంచి దూకో, ఎవడో తాగుబోతు కొట్టో పోయేవాడు. మిగిలినవాడు సముద్రపు ఒడ్డున నిలబడి గాలికి జుట్టు ఎగరేసుకునేవాడు. పాలు తాగి నోరు కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడని ఊరికే అనలేదు.

ఎమ్మెట్‌ది ఒహాయోలోని డేటన్. అక్కడ సిటీ బస్సు తోలి, రిటైరై, మంచుకో దండం పెట్టి ఫ్లోరిడా వచ్చి పడ్డాడు. డెబ్బై నాలుగేళ్ళు. పొడుగు మనిషి. కుర్చీలో కూర్చున్నా ఇంకా స్టీరింగు ముందున్నట్టే రెండు చేతులూ ముందుకి పెట్టుకుంటాడు. డేటన్ డిపోలో అతనెలాంటివాడో ఎవరికీ తెలియదు. తెలియకుండా చూసుకోవడమే అతనికి రెండో ఉద్యోగం. ప్రేమించినవాళ్ళు లేకపోలేదు. ఒకడు క్లీవ్‌లాండ్ వెళ్ళి ఫోను మానేశాడు, ఒకడు చర్చిలో పెద్దల మాట విని పెళ్ళి చేసుకున్నాడు, ఒకడి శవపేటికకి ఎమ్మెట్ భుజం పట్టాడు, అదీ స్నేహితుణ్ణని చెప్పుకుని. ఈ వయసులో మనకెందుకులే అనుకోవడం మొదలుపెట్టేనాటికి అతనికి యాభై కూడా నిండలేదు.

హాలంటే అదేమీ పెద్ద హాలు కాదు. ఒకప్పుడు పరుపుల దుకాణం. ఊళ్ళోవాళ్ళే కలిసి తెర కట్టి, పాత కుర్చీలు తెచ్చి వేసి నడుపుకుంటున్నారు. లోపల ఏసీ ఎంత చలంటే, బయట ఉడుములు సైతం ఎండకి సోలిపోతున్నా జనం స్వెటర్లు పట్టుకుని వస్తారు. పాప్‌కార్న్ బల్ల దగ్గర బెర్నిస్ ఉంటుంది. జార్జియాలో స్కూల్లో ఆటలు నేర్పిన మాస్టరమ్మ, తనూ ఒక ఆడమనిషితో ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, నోట్లో నువ్వుగింజ నానదు. గురువారం సాయంత్రం సినిమా బొమ్మా శబ్దమూ సరిగ్గా వస్తున్నాయో లేదో పరీక్షించే పని ఎమ్మెట్‌ది. అంటే అందరికన్నా ముందు సినిమా చూసేది అతనే.

ఒక ఏడాది ఒక సినిమా వచ్చింది. గంటన్నర సేపు హాలంతా కడుపులు పట్టుకుని నవ్వారు. చివర్లో తెర మీద పెళ్ళికి పది నిమిషాల ముందు ఒక కుర్రాడు పూలగుత్తి తేవడానికి రోడ్డు దాటుతూ టాక్సీ కింద పడి పోయాడు. ఆట అయ్యాక, ఆడా మగా అందరినీ 'ఏమే' అనే పిలిచే లీలండ్ అనే పెద్దమనిషి బయటికొచ్చి పాప్‌కార్న్ డబ్బాని బెర్నిస్ బల్ల మీద బోర్లించాడు.

"ఏమే, మీలో ఒక్కరూ ముందు చూసి చావరా దీన్ని? హాస్యం అని బోర్డు పెట్టి పీనుగుని చూపిస్తారా?"

"నా మీద పడతావేంట్రా? ఆ డ్రైవరు చూశాడు గురువారం. వాణ్ణడుగు," అంది బెర్నిస్.

ఎమ్మెట్ నిజంగానే చూశాడు, నిజంగానే చెప్పలేదు. చెబితే కథ పాడైపోతుందనుకున్నాడు. "కథ పాడైతే పాడవనీ, మా ఆదివారం పాడవకూడదు," అన్నాడు లీలండ్. ఆ రోజు నుంచి ఎమ్మెట్ తలుపు దగ్గర నిలబడడం, జనం అడగడం అలవాటైపోయింది. మెల్లమెల్లగా ఇంకో అలవాటు కూడా పుట్టింది. ఎమ్మెట్ ఆఖరి వరసలో నడవా పక్కన కూర్చుంటాడు. అతని దగ్గర సీట్లు చూపించే చిన్న టార్చి ఉంటుంది. తెర మీద ఎవడైనా దగ్గినా, అర్ధరాత్రి ఫోను మోగినా, వానలో ఎవడైనా కారు వేగంగా తోలినా, ముందు వరసల్లోంచి తెల్లజుట్టు తలలు నాలుగైదు వెనక్కి తిరుగుతాయి. ఎమ్మెట్ టార్చిని పైకప్పు మీదికి ఒక్కసారి వెలిగించి ఆర్పుతాడు. భయం లేదు, ఉత్త జలుబే అని అర్థం. తలలు ముందుకి తిరిగిపోతాయి.

బస్సు తోలినన్నాళ్ళూ అద్దంలో వెనకవాళ్ళ మొహాలు చూసిన మనిషికి ఇక్కడ వీపులు మిగిలాయి. వీపులు చూసి సినిమా ఎలా ఉందో చెప్పగలడు. తెర మీద ఇద్దరు మగవాళ్ళు మొదటిసారి ముద్దు పెట్టుకుంటే కుర్రాళ్ళ వీపులు అలాగే ఉంటాయి, వాళ్ళకది రోజూ చూసేదే. ముసలివాళ్ళ భుజాలు మాత్రం బిగుసుకుంటాయి. ఇంత సుఖం వచ్చిందంటే వెనకాలే ఏదో రాబోతోందని వాళ్ళ లెక్క. హీరో తల్లి "నాకు నీ ఏడో ఏటే తెలుసురా" అంటే కుర్రాళ్ళు నవ్వుతారు, ముసలివాళ్ళు ముక్కు చీదుతారు. ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదని సామెత కట్టినవాడు ఈ హాలుకి ఒక్కసారి వచ్చి ఉంటే నోరు మూసుకుని వెళ్ళేవాడు.

ఈ సినిమాలు మరీ తియ్యగా ఉంటున్నాయని కుర్రాళ్ళ ఫిర్యాదు. ఒకసారి ఒక అబ్బాయి బెర్నిస్‌తో అన్నాడు కూడా, "అందరి ప్రేమకథల్లాగే ఉందండీ, ఇందులో కొత్తేముంది?" అని.

"అందరి కథల్లాగే ఉండడమే కొత్త నాయనా," అంది బెర్నిస్. "పంచదార ఎక్కువైందా? మాకు ముప్పై ఏళ్ళు కాకరకాయ రసం తాగించారు. ఇంకో చెంచా వెయ్యమను."

ఇంతమందిని హాల్లో కూర్చోబెట్టిన ఎమ్మెట్ ఒక్క మనిషిని మాత్రం తీసుకురాలేకపోయాడు. అతని పేరు ఓస్వాల్దో. చిన్నప్పుడు క్యూబా నుంచి వచ్చాడు. ఇక్కడికి దగ్గర్లోనే హయాలియా అనే ఊళ్ళో టైల్సు దుకాణం నడిపి అమ్మేశాడు, ఇప్పటికీ ఎవరింట్లోనైనా అడుగు పెట్టగానే ముందు కింద నేల చూస్తాడు. పొట్టి మనిషి, డెబ్బై మూడేళ్ళు, మాట కత్తి. ప్రతి ఆదివారం ఇద్దరూ ఒక చిన్న క్యూబన్ హోటల్లో నల్ల చిక్కుడుగింజలూ అన్నమూ తిని, చిక్కటి కాఫీ తాగుతారు. తాగాక ఎమ్మెట్ హాలుకి, ఓస్వాల్దో ఇంటికి. మూడేళ్ళుగా ఇదే తంతు.

ఓస్వాల్దో సినిమా చూసి ముప్పై ఏళ్ళు దాటింది. గ్యారెట్ అని స్కూల్లో పాటలు నేర్పే మాస్టారు ఒకాయన ఉండేవాడు, ఓస్వాల్దో, ఆయనా పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు. ఇద్దరూ కలిసి ఆఖరిసారి చూసిన సినిమాలో మామూలుగానే ఒకడు పోయాడు. అప్పటికే ఒళ్ళు పాడైన గ్యారెట్ బయటికొచ్చి, "డబ్బిచ్చి మరీ మన చావు మనం చూసుకుంటున్నాం చూడు," అన్నాడట. ఆ వసంతంలోనే పోయాడు. ఓస్వాల్దో మళ్ళీ హాలు మెట్లెక్కలేదు.

ఎమ్మెట్‌కి అతనంటే ఇష్టం. స్నేహానికి మించిన ఇష్టం, దానికి వేరే పేరు పెట్టుకోవడం దేనికి, ప్రేమే. కానీ ఆ మాట అతను తనతో కూడా అనుకోలేదు. ఓస్వాల్దోని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క సినిమా చూస్తే చాలు అనుకునేవాడు, అంతవరకే. అడుగుతూనే ఉండేవాడు, ఓస్వాల్దో కాదంటూనే ఉండేవాడు. ఆ ఆగస్టులో ఎందుకో ఓస్వాల్దో కాఫీ కప్పు కింద పెట్టి ఒప్పుకున్నాడు.

"సరే డ్రైవరుగారూ, వస్తా. నీ మాట మీద వస్తా. ముందు చూసి చెప్పు. ఎవరూ చావకూడదు."

"ఒక్కరు కూడా చావరు. చస్తే నన్నడుగు."

"నిన్నే అడుగుతా. ఇంకెవర్ని అడుగుతాను?"

ఆ గురువారం ఎమ్మెట్ అంత శ్రద్ధగా ఏ సినిమా చూడలేదు. షికాగోలో ఒక అపార్టుమెంటు. కింద అంతస్తులో రొట్టెలు చేసే కుర్రాడు, పైన పెళ్ళి ఫొటోలు తీసే కుర్రాడు, ఇద్దరికీ క్షణం పడదు. మధ్య అంతస్తులో కిటికీ పక్క ఒక పెద్దాయన. పట్టు కండువా వేసుకుని ఇద్దరినీ సమానంగా తిడుతూ ఇద్దరికీ సలహాలు చెబుతుంటాడు. పోట్లాటలు, అపార్థాలు, పిండిలో పడ్డ కెమెరా, చివరికి మేడ మీద డాన్సు, ముద్దు. ఖాళీ హాల్లో ఎమ్మెట్ ఒక్కడే పగలబడి నవ్వాడు. ఆ రాత్రే ఓస్వాల్దోకి ఫోను చేశాడు.

"ఎవరూ చావరు. స్వెటరు తెచ్చుకో."

ఆదివారం ఓస్వాల్దో ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వస్తూనే నేల చూశాడు. "ఈ టైల్సు ఎవడు వేశాడు? వాణ్ణి జైల్లో పెట్టాలి," అన్నాడు.

బెర్నిస్ బల్ల మీదికి వంగి చూసింది. "ఎమ్మెట్, ఈయనేనా మూడేళ్ళుగా నువ్వు చెబుతున్న మహారాజు? రండి రండి. డబ్బులొద్దు, ఇవాళ మీకు పాప్‌కార్న్ నా లెక్క. వీడు పొద్దుట్నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు."

ఎమ్మెట్ చెవులు ఎర్రబడ్డాయి. హాలు నిండింది. సినిమా తీసిన అబ్బాయి కోల్బీ కూడా వచ్చాడు, ఆట అయ్యాక మాట్లాడతాడట, మొదటి వరసలో బుద్ధిగా కూర్చున్నాడు. ఆఖరి వరసలో నడవా పక్క ఎమ్మెట్, అతని పక్కన ఓస్వాల్దో. దీపాలు ఆరేటప్పుడు ఓస్వాల్దో కుర్చీ చేతిని గట్టిగా పట్టుకోవడం ఎమ్మెట్ చూశాడు.

పావుగంట దాకా ఓస్వాల్దో ఉలకలేదు పలకలేదు. తర్వాత కిటికీ పక్క పెద్దాయన ఫొటోల కుర్రాడితో, "ఆ రొట్టెలవాడు నిన్ను తిట్టాడా? అదృష్టవంతుడివి. నన్నయితే తిట్టడానికి కూడా ఎవరూ మేడెక్కి రావడం లేదు," అన్నాడు. ఓస్వాల్దో నవ్వాడు. ఎంత పెద్దగా నవ్వాడంటే మూడు వరసల ముందున్న లీలండ్ వెనక్కి తిరిగి చూశాడు. అక్కణ్ణుంచి పెద్దాయన తెర మీదికి వచ్చినప్పుడల్లా ఓస్వాల్దో ముందుకి వంగేవాడు. "వీడు బాగున్నాడు. వీడొక్కడే మనిషి ఇందులో," అని ఎమ్మెట్ చెవిలో అన్నాడు. ఎమ్మెట్ ప్రాణం హాయిగా ఉంది. తెర చూడడం మానేసి అతన్నే చూస్తూ కూర్చున్నాడు.

అంతలో కిటికీ దగ్గర పెద్దాయన దగ్గాడు. ముందు వరసల్లో తలలు వెనక్కి తిరిగాయి. పక్కన ఓస్వాల్దో కూడా తిరిగి చూశాడు. ఎమ్మెట్ ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. టార్చి ఎత్తి పైకప్పు మీద ఒకసారి వెలిగించి ఆర్పాడు. తలలు ముందుకి తిరిగిపోయాయి. ఓస్వాల్దో వెనక్కి ఆనుకుని మళ్ళీ పాప్‌కార్న్ నమలడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాతి సీనులో రొట్టెల కుర్రాడు టిఫిను పట్టుకుని తలుపు కొట్టాడు. ఎవరూ తీయలేదు. కిటికీ దగ్గర కుర్చీ, కుర్చీలో పెద్దాయన, ఒళ్ళో కండువా. అంత్యక్రియల్లో కుర్రాళ్ళిద్దరూ ఎదురుపడి ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. నల్లకోట్లలోనే రాజీ పడిపోయారు. తెర మీద పాట మొదలైంది. హాల్లో మాత్రం ఒక్క వీపు కదలలేదు.

"ఎవరూ చావరన్నావు," అన్నాడు ఓస్వాల్దో మెల్లిగా.

"చావలేదుగా. వాళ్ళిద్దరూ బాగానే ఉంటారు చూడు, చివర్లో మేడ మీద..."

"మరి ఆయన?"

"ఆయనా? ఆయన ముసలాయన కదా."

నోరు జారిన మాట కాదు, అతనికి నిజంగా అలాగే అనిపించింది. అనేశాక తన గొంతు తనకే వినబడింది. గురువారం అదే సీను కళ్ళారా చూసి, ఇంటికెళ్ళి ఫోను తీసి ఎవరూ చావరని చెప్పిన మనిషి తను. ఎమ్మెట్‌కి సిగ్గేసింది. ఓస్వాల్దో లేచి వెళ్ళిపోతాడనుకున్నాడు. వెళ్ళిపోయినా బాగుండేది. అతను కదలకుండా తెరకేసి చూస్తూ కూర్చున్నాడు. మేడ మీద డాన్సు వచ్చింది, ముద్దు వచ్చింది. కుర్రాళ్ళు కొందరు ఈల వేశారు. ఓస్వాల్దో మొహంలో ఏ మార్పూ లేదు.

దీపాలు వెలిగాయి. కోల్బీ తెర ముందు నిలబడ్డాడు. ముప్పై కూడా లేవు, మర్యాదస్తుడు. ఒకమ్మాయి సంగీతం గురించి అడిగింది, ఒకబ్బాయి రొట్టెలు నిజమైనవేనా అని అడిగాడు. ఆ పైన లీలండ్ లేచాడు. అతను కోల్బీని చూడలేదు, ఆఖరి వరస చూశాడు.

"ఏమే ఎమ్మెట్, నీ టార్చికేమైందే? చావు కబురు చల్లగా చెప్పేవాళ్ళని చూశాం గానీ అసలు చెప్పనివాణ్ణి ఇవాళే చూశాం."

కొందరు నవ్వారు, చాలామంది నవ్వలేదు. ఎమ్మెట్ నిలబడి ఏదో చెప్పబోయాడు. ఈలోగా పక్కన ఓస్వాల్దో చెయ్యెత్తాడు. బెర్నిస్ పరుగున మైకు తెచ్చి ఇచ్చింది.

"బాబూ, ఆ కిటికీ పక్క పెద్దాయన ఎందుకు పోయారు?"

"అంటే... వయసండీ. హాయిగా, నిద్రలో పోయినట్టు అనుకున్నాం," అన్నాడు కోల్బీ.

"ఎంత వయసు?"

"డెబ్బై, డెబ్బై ఒకటి."

"నాకు డెబ్బై మూడు. నిన్ననే మా పక్కింటావిడ వంటింట్లో టైల్సు వేసొచ్చా."

హాలంతా గొల్లున నవ్వింది. కోల్బీ కూడా నవ్వాడు. "తప్పుగా అనుకోకండి సార్. ఆ ఇద్దరూ కలవాలంటే ఏదో ఒకటి జరగాలి కదా. ఆయన పోతే గానీ వాళ్ళకి బుద్ధి రాదు. వేరే ఊళ్ళలో వేసినప్పుడు ఈ సీనుకే అందరూ కళ్ళు తుడుచుకున్నారు."

"బుద్ధి రావడానికి మనిషిని చంపాలా? ఆయన నోరు మంచిది కదా, ఇంకో నాలుగు తిట్లు తిట్టిస్తే వచ్చేది." ఓస్వాల్దో మైకు ఇంకాస్త దగ్గరికి పెట్టుకున్నాడు. "ఇంకొక్కటి అడిగి కూర్చుంటా. ఈ సినిమాలో ముద్దులు బాగానే ఉన్నాయి. కుర్రాళ్ళకి ఉన్నాయి, వాళ్ళ స్నేహితులకి ఉన్నాయి, ఆ ఉత్తరాలు పంచేవాడికి కూడా ఒకటి పెట్టించావు. పెద్దాయనకి ఒక్కటీ లేదు. ఆయన దగ్గరికి ఎవరూ రాలేదు. చంపడానికి పనికొచ్చాడు గానీ ముద్దుకి పనికిరాలేదా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. తర్వాత ఎక్కడో ఒకరు చప్పట్లు కొట్టారు, ఆ వెనక హాలంతా కొట్టింది. కోల్బీ బుకాయించవచ్చు, బుకాయించలేదు.

"నాకు తట్టలేదండీ," అన్నాడు. "నిజంగానే తట్టలేదు."

"పర్వాలేదు అబ్బాయ్, ఇలా వచ్చి కూర్చో, తట్టేదాకా చెబుతాం," అన్నాడు లీలండ్. దాంతో మళ్ళీ నవ్వులు మొదలై, పదిమంది కోల్బీ చుట్టూ మూగారు. ఆ సందట్లో ఓస్వాల్దో బయటికి నడిచాడు. ఎమ్మెట్ అతని వెనకే వెళ్ళాడు.

బయట రోజూ పడే మధ్యాహ్నపు వాన. చూరు కింద ఇద్దరూ నిలబడ్డారు. ఓస్వాల్దో కారు రోడ్డుకి అవతల ఉంది.

"నీతో అబద్ధమాడాను," అన్నాడు ఎమ్మెట్.

"అబద్ధమైతే బాగుండేది. అబద్ధమాడేవాడికి నిజమేదో తెలిసుంటుంది. నువ్వు నిజమే అనుకుని చెప్పావు."

ఓస్వాల్దోనే మళ్ళీ అడిగాడు.

"గురువారం నువ్వొక్కడివే చూశావుగా. ఆయన పోయినప్పుడు ఏమనుకున్నావు?"

"ఏమనుకుంటాను? చక్కగా పోయాడనుకున్నా. ఎవరికీ బరువు కాకుండా, కుర్చీలో కూర్చునే పోయాడు. నాకూ అలా జరిగితే చాలనుకున్నా."

ఓస్వాల్దో అతనివైపు తిరిగి మొహంలోకి చూశాడు. "అంటే నిన్ను కూడా లెక్కలో వేసుకోలేదన్నమాట."

"వేసుకోలేదు."

"మరి నన్నెందుకు రమ్మన్నావు? ఇద్దరం కూర్చుని నీ చావు చూద్దామనా?"

"కాదు!" ఎమ్మెట్ గొంతు పెరిగింది. చూరు కింద నిలబడ్డ మిగతావాళ్ళు తిరిగి చూశారు. అతను పట్టించుకోలేదు. "నా పక్కన కూర్చుంటావని రమ్మన్నా. ప్రతి ఆదివారం తిన్నాక నువ్వటు వెళ్ళిపోతావు, నేనిటు వస్తాను. నాకు బాగుండదు. ఆ రెండు గంటలూ వీపులు చూస్తూ కూర్చుంటాను గానీ మనసు నీ దగ్గరే ఉంటుంది. నువ్వంటే నాకు ప్రేమ ఓస్వాల్దో. ఈ వయసులో ఇదేంటని నవ్వుతావని చెప్పలేదు. అసలు నాకే నవ్వొచ్చింది. అందుకని చెప్పలేదు."

"మూడేళ్ళు చిక్కుడుగింజలు తిన్నాం," అన్నాడు ఓస్వాల్దో. "ఒక్కసారి నోరు మెదపలేదు. ఈ ముక్క నీ నోట రావడానికి ఒక ముసలాడు చావాల్సి వచ్చింది చూడు."

ఎమ్మెట్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కాసిని వచ్చాయి.

"గ్యారెట్ చోటులో ఎవర్నీ కూర్చోబెట్టను. ముందే చెబుతున్నా," అన్నాడు ఓస్వాల్దో.

"నేనడగలేదు."

"పక్కన ఇంకో చోటుందేమో చూసుకోవాలి. ఇన్నేళ్ళూ వెతకలేదు. టైం పడుతుంది."

"పట్టనీ."

"నీకేం, పట్టనీ అంటావు. ఇద్దరికీ కలిపి నూట నలభై ఏడేళ్ళు."

వాన సన్నబడింది. రోడ్డు నీళ్ళకి జారుగా ఉంది. ఓస్వాల్దో మెట్టు దిగబోయి ఆగి, పక్కకి చూడకుండానే చెయ్యి చాపాడు. ఎమ్మెట్ పట్టుకున్నాడు. డేటన్లో ఏ వీధిలోనూ ఏ మగాడి చెయ్యీ పట్టుకుని నడవని మనిషి, పట్టపగలు, జనం చూస్తుండగా, కారు దాకా అలాగే నడిచాడు. కారు దగ్గరికి చేరాక కూడా ఓస్వాల్దో వెంటనే వదల్లేదు. మోకాలి నొప్పి వల్లే పట్టుకున్నానని అతను ఈనాటికీ వాదిస్తాడు.